విగ్రహాన్ని వెనక నుంచి చూడాలి

మా నాన్న కంచరి. నాకు ఆ విద్య అబ్బలేదు. ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు మేరీల్యాండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) తిరుగుతూ థాయ్ కంచు బుద్ధుల దగ్గర నేర్చుకున్నవి ఇవి.

1. ముందు మడమ చూడండి. థాయ్‌లాండ్‌లోని సుఖోథాయ్ పోతపనివాళ్ళు బుద్ధుణ్ణి నడిపించారు. ఒక పాదం నేలకు ఆని ఉంటుంది, రెండో మడమ లేచి ఉంటుంది. కూర్చున్న విగ్రహం బరువు పీఠం మోస్తుంది, ఇక్కడ మోసేవి సన్నటి చీలమండలు. లోపల మట్టి ఉన్న మైనం బొమ్మకు పైన కూడా మట్టి పట్టించి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోస్తారు. అది వేలి కొసకు చేరకముందే గడ్డకడితే పని మళ్ళీ మొదటికే.

2. తర్వాత వీపు. ఏ బొమ్మ చేతికిచ్చినా మా నాన్న ముందు తిప్పి చూసేవాడు. లోపలి మట్టి కదలకుండా గుచ్చిన మేకుల గుర్తులు, చిల్లు పూడ్చిన అతుకులు అక్కడే దొరుకుతాయి. విగ్రహాన్ని గోడకు ఆనించి పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

3. కండలు వెతక్కండి. చిలకముక్కు, మామిడి టెంక లాంటి గడ్డం, ఏనుగు తొండం లాంటి చెయ్యి: ఇవి మహాపురుషుణ్ణి వర్ణించే ఉపమానాలు, ఎవరినో ఎదురుగా నిలబెట్టి చేసినవి కావు.

4. అన్నీ మనవే అనకండి. 2023లో మెట్‌లో మన ఫణిగిరి బౌద్ధ శిల్పాలు చూశాక నాకూ ఆ గర్వం పట్టుకుంది. ఆగ్నేయాసియా తొలి బుద్ధుల్లో అమరావతి ఛాయ ఉన్నమాట నిజమే. సుఖోథాయ్ బుద్ధుడి తలమీది జ్వాల మాత్రం సింహళం నుంచి వెళ్ళింది.

5. విగ్రహం మ్యూజియానికి ఎలా వచ్చిందో అడగండి. 1964లో థాయ్‌లాండ్‌లో బురీరామ్ ప్రాంతంలోని ప్లాయ్ బాట్ గుట్టమీది గుడి నుంచి తవ్వుకుపోయిన కంచు బోధిసత్త్వులు ప్రఖోన్ చాయ్ పేరుతో దేశాలు దాటాయి. మెట్‌లోని అవలోకితేశ్వరుడు ఆ కోవలోవాడే: 142 సెంటీమీటర్లు, నాలుగు చేతులు. మెట్ కొన్నది 1967లో. “ఈయన ఇంటికెప్పుడు పోతాడు తాతయ్యా?” అంది మనవరాలు. నేను లేబుల్ చదువుతున్నట్టు నటించాను.

2024 మేలో అదే మ్యూజియం ‘గోల్డెన్ బాయ్’ అని పేరుపడ్డ, శివుడు కావచ్చనుకునే బంగారు పూత కంచు విగ్రహాన్ని, మోకాళ్ళమీద కూర్చున్న ఒక స్త్రీ విగ్రహాన్ని థాయ్‌లాండ్‌కు తిరిగి ఇచ్చేసింది.