ఐదు నక్షత్రాల వెనుక ఏముంది?

కోల్‌కతాలో ఎం.ఎస్సీ. చదువుతున్న ఒక తెలుగు విద్యార్థినిని ఊహించుకోండి. రోజూ క్లాసులో విన్నవి, ప్రయోగశాలలో చూసినవి ఆమె కంప్యూటర్‌లో రాసిపెట్టుకోవాలి. హంగులేవీ అక్కర్లేదు. తెరవగానే ఖాళీ కాగితంలాంటి తెర కనిపించాలి, రాసి మూసేయాలి, తర్వాత వెతికితే దొరకాలి. ఈ పనికి సరిపోయే చిన్న నోట్స్ యాప్‌లు రెండు ఆమె కంటపడ్డాయి. మొదటిదాని గురించి ఐదుగురు అభిప్రాయం చెప్పారు; ఐదుగురూ బాగుందన్నారు. రెండోదాని గురించి వందమంది చెప్పారు. 90 మంది బాగుందన్నారు, 10 మంది పెదవి విరిచారు. ఆమె దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న చిన్నదే. కానీ ఆ యాప్‌లో చేరబోయేది రెండేళ్ల చదువు. రేపు కంప్యూటర్ మారినా, యాప్ తయారుచేసినవారు దాన్ని వదిలేసినా, నోట్స్ తెరుచుకోకపోతే ఆ కష్టమంతా వృథా అవుతుంది. కాబట్టి ఇతరుల అభిప్రాయాలను ఎలా చదవాలో, ఎంతవరకు నమ్మాలో తెలియాలి. కొందరిని అడిగి అందరి గురించి చెప్పే ఈ విద్యను మన దేశంలో పెంచిన సంస్థ ఆమె ఉంటున్న నగరంలోనే ఉంది. అది బారక్‌పూర్ ట్రంక్ రోడ్డులోని భారత గణాంక సంస్థ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్.

జనపనార పొలాల్లో మొదలైన పాఠం

ప్రశాంత చంద్ర మహలనోబిస్ (1893–1972) కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవారు. గణాంకశాస్త్రంపై ఆసక్తితో 1931లో ఈ సంస్థను స్థాపించారు. అప్పట్లో బెంగాల్‌లో జనపనార ప్రధానమైన వాణిజ్య పంట. ఏ ఏడాది ఎన్ని ఎకరాల్లో వేశారో ముందుగా తెలిస్తే రైతుకూ వ్యాపారికీ ప్రభుత్వానికీ మేలు. కానీ ప్రతి పొలాన్నీ చూసి రావాలంటే ఎంతో ఖర్చు, ఎంతో సమయం కావాలి.

1937లో మహలనోబిస్ బృందం జనపనార సాగుపై నమూనా సర్వేలు మొదలుపెట్టింది. పొలాల పటాలపై యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టుగా, చోట్లను ఎంచి ఆ చోట్లకే మనుషులను పంపేవారు. ఎక్కడికి వెళ్లాలన్నది వెళ్లేవారి ఇష్టానికి వదిలితే రోడ్డు పక్కనున్న పొలాలే లెక్కలోకి వస్తాయి. బురద దాటి వెళ్లాల్సిన పొలం మిగిలిపోతుంది. మొదట చిన్న ప్రాంతంలో ప్రయత్నించి, తప్పులు సరిదిద్దుకుంటూ ఏటేటా విస్తరించి, 1941 నాటికి సర్వేను బెంగాల్ అంతటికీ తీసుకెళ్లారు. ఈ అనుభవమే 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు పునాది. మహలనోబిస్ పుట్టినరోజు జూన్ 29ని దేశం ఇప్పుడు జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటోంది.

యాప్ కింద కనిపించే అభిప్రాయాలు కూడా ఒక నమూనాయే. కాకపోతే అందులో ఎవరుండాలో ఎవరూ లాటరీ వేయలేదు. రాయాలనిపించినవారు రాశారు. అవి రోడ్డు పక్క పొలాల్లాంటివి.

మాట్లాడేదెవరు, మౌనంగా ఉండేదెవరు?

ఒక యాప్ ఎంతో నచ్చినవాళ్లు నాలుగు మాటలు రాస్తారు. రాసుకున్నదంతా పోగొట్టుకున్నవాళ్లు కోపంతో పది మాటలు రాస్తారు. ‘ఫర్వాలేదు’ అనుకునేవారు సాధారణంగా ఏమీ రాయరు. అందుకే వస్తువుల రేటింగ్‌లలో ఐదు నక్షత్రాలు చాలా, ఒక నక్షత్రం కొన్ని ఉండి, మధ్యలో పల్లంలా కనిపిస్తుంది. అమెజాన్ రేటింగ్‌లను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ ఆకారాన్నే చూపింది. ఒకే వస్తువును కొందరికి ఇచ్చి అందరినీ తప్పక అభిప్రాయం చెప్పమన్నప్పుడు మాత్రం ఎక్కువ రేటింగ్‌లు మధ్యలోనే గుమిగూడాయి.

ఈ పల్లం ఉన్నచోట సగటు మోసం చేస్తుంది. 20 మంది ఒక యాప్‌కు తలా నాలుగు నక్షత్రాలు ఇస్తే సగటు 4. మరో యాప్‌కు 15 మంది ఐదేసి, ఐదుగురు ఒక్కొక్కటి ఇచ్చినా మొత్తం 80, సగటు 4. మొదటిది అందరికీ ఓ మోస్తరుగా నచ్చింది. రెండోది ప్రతి నలుగురిలో ఒకరిని ఇబ్బంది పెట్టింది. సగటు ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు.

నమూనా పెద్దదైతే ఈ లోపం దానంతటదే పోతుందా? పోదని 1936లో అమెరికాలో తేలింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. సుమారు 23 లక్షల జవాబులు వచ్చాయి. వాటి ఆధారంగా ఆల్ఫ్ లాండన్ గెలుస్తారని చెప్పింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. చిరునామాల్లో చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకున్నవి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు కలిగినవారే. పైగా జవాబిచ్చింది పట్టుమని నాలుగో వంతు మందే.

వదిలి వెళ్లినవారి మాట

ఇంకొక లోపం అంత సులభంగా కంటికి ఆనదు. రెండో ప్రపంచ యుద్ధంలో, తిరిగి వచ్చిన యుద్ధ విమానాలకు తగిలిన దెబ్బలను గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ విశ్లేషించారు. దెబ్బలు ఎక్కువగా కనిపించినచోట కవచం వేయాలనిపించడం సహజం. కానీ ఆ దెబ్బలు తగిలినా ఆ విమానాలు తిరిగి వచ్చాయి. ఎక్కడ తగిలితే విమానం తిరిగి రాదో, ఆ చోటే బలహీనమైనది. కూలిపోయిన విమానాలు లెక్కలో లేవన్న సంగతిని మరిచిపోకూడదన్నదే ఆ విశ్లేషణ సారం. 1950 డిసెంబరులో భారతదేశంలో ఉపన్యాసాలు ఇవ్వడానికి వచ్చిన వాల్డ్, నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలోనే మరణించారు.

నోట్స్ యాప్ విషయంలోనూ అంతే. ‘మూడేళ్లుగా వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు’ అనే మాట మూడేళ్లు నిలిచినవారిది. రెండో నెలలోనే వదిలేసి వెళ్లినవారు ఎందుకు వెళ్లారో చాలాసార్లు ఎక్కడా రాయరు. అందువల్ల పెదవి విరిచిన ఆ పదిమంది మాటలను మిగతా తొంభై మాటల కంటే శ్రద్ధగా చదవాలి. ‘రంగు నచ్చలేదు’ అన్న ఫిర్యాదు వేరు. ‘రాసింది సేవ్ కాలేదు’, ‘నా నోట్స్ బయటకు తీసుకోలేకపోయాను’ అన్న ఫిర్యాదు వేరు. రెండో రకం ఫిర్యాదు ఒక్కటి కనిపించినా ఆగి చూడాలి.

ఐదుగురా, వందమందా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఐదుకు ఐదు అంటే 100 శాతం. వందకు 90 అంటే 90 శాతం. కానీ ఐదుగురి మాట మీద అంత నమ్మకం పెట్టుకోలేం. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ 18వ శతాబ్దంలో చెప్పిన ఒక సులువైన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఉన్న లెక్కకు ఒక ‘బాగుంది’, ఒక ‘బాగోలేదు’ కలిపి నిష్పత్తి చూడాలి.

మొదటి యాప్: 5కి 1 కలిపితే 6, మొత్తం 5కి 2 కలిపితే 7. 6/7 అంటే దాదాపు 86 శాతం.
రెండో యాప్: 90కి 1 కలిపితే 91, మొత్తం 100కి 2 కలిపితే 102. 91/102 అంటే దాదాపు 89 శాతం.

తారుమారైంది. కలిపిన రెండు ఊహా అభిప్రాయాలు చిన్న నమూనాను బాగా కదిలించాయి, పెద్దదాన్ని అంతగా కదిలించలేదు. యాదృచ్ఛిక నమూనాలో లెక్క పొరపాటు నమూనా పరిమాణపు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. పొరపాటు సగం కావాలంటే నాలుగు రెట్ల మందిని అడగాలి. అయితే ఈ సూత్రం సరిచేసేది కొద్దిమందిని అడగడం వల్ల వచ్చే పొరపాటును మాత్రమే. ఎవరు మాట్లాడారన్న లోపాన్ని ఇది సరిచేయదు.

ఎవరి అవసరం, ఎవరి అభిప్రాయం?

అభిప్రాయం చెప్పిన వందమందీ ఇంగ్లిషులో రాసుకునేవారైతే, తెలుగులో రాసుకోవాల్సిన విద్యార్థినికి వారి మాట ఎంతవరకు వర్తిస్తుంది? ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు సరిగా పడుతున్నాయా అన్న ప్రశ్న వారికి ఎదురే కాదు. ‘కోల్‌కతా’ అన్న మాటనే చూడండి. ‘ల్’ కింద ‘క’ ఒత్తు పడకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ సంకేతం ఉండాలి. అది లేకుండా టైపు చేస్తే ‘కోల్కతా’ అవుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఈ రెండింటినీ వేర్వేరు మాటలుగా చూస్తాయి. ఒకలా రాసి, ఇంకొకలా వెతికితే నోట్స్ ఉన్నా దొరకదు.

తెలుగువారికి ఇంకో పాత అనుభవమూ ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు డీటీపీ పనులు ప్రత్యేక ఫాంట్లతోనే సాగాయి. ఆ ఫైళ్లను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేవి అర్థం లేని గుర్తులే. వాటిని టైపు చేసిన రోజుల్లో అడిగి ఉంటే చాలామంది ‘బాగుంది’ అనే ఉండేవారు. సమస్య ఏళ్ల తర్వాత బయటపడింది.

యూనికోడ్‌లో ఉండే సాదా టెక్స్ట్ ఫైలుకు ఈ భయం తక్కువ. ఎన్నో రకాల ప్రోగ్రాములు దాన్ని తెరవగలవు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మ కలిసి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. పేజీకి 2,000 సంకేతాలు అనుకుంటే 6,000 బైట్లు. పదివేల పేజీలు రాసినా సుమారు 60 మెగాబైట్లే. మామూలు పెన్‌డ్రైవ్‌లో మూలకు సరిపోతాయి.

దత్తాంశంలో ఉన్నంతే తీయగలం

1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వచ్చి ఈ సంస్థలో చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్.రావుగా ప్రపంచానికి తెలుసు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన ప్రచురించిన పత్రం గణాంకశాస్త్రంలో మైలురాయి. దానికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి దక్కింది. అందులోని ఒక ఫలితాన్ని నేడు క్రామర్–రావు హద్దు అంటారు. దత్తాంశంలో ఎంత సమాచారం ఉందో దాన్ని బట్టే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో నిర్ణయమవుతుందనీ, నిష్పాక్షికమైన ఏ పద్ధతీ ఆ హద్దును దాటలేదనీ ఆ గణితం స్థూలంగా చెబుతుంది.

ఆ గణితాన్ని యాప్ రేటింగ్‌లకు నేరుగా అన్వయించలేకపోయినా అందులోని హెచ్చరిక ఇక్కడా పనికొస్తుంది. నక్షత్రాల్లో ఉన్నది వాడినవారి నేటి సంతృప్తి గురించిన సమాచారం. పదేళ్ల తర్వాత నోట్స్ తెరుచుకుంటుందా అన్న సమాచారం వాటిలో లేదు. లేనిదాన్ని ఎంత తెలివిగా లెక్కవేసినా బయటకు తీయలేం. దాన్ని స్వయంగా పరీక్షించి తెలుసుకోవాలి.

చేసి చూడండి

మహలనోబిస్ బృందం వాడిన మూడు మెలకువలు ఈ పరీక్షకు సరిపోతాయి.

1. పైలట్ సర్వే: పెద్ద సర్వేకు ముందు చిన్నదాన్ని చేసి లోపాలు చూసుకోవడం. యాప్‌లో మొత్తం నోట్స్ ఎక్కించకముందే ఒక్క సబ్జెక్టు నోట్స్‌తో ప్రయత్నించండి. తెలుగు ఒత్తులు, వెతుకులాట పరీక్షించండి. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లి, ఆ యాప్ లేకుండా తెరవండి. తెరుచుకోకపోతే ఆ యాప్‌కు ఎన్ని నక్షత్రాలున్నా జాగ్రత్తపడాలి.

2. జంట నమూనాలు: ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలు విడివిడిగా సర్వే చేసి ఫలితాలు పోల్చుకునే పద్ధతి ఇది. ఒక యాప్‌పై ఉన్న అభిప్రాయాలను లాటరీ వేసి రెండు భాగాలు చేయండి. ఇద్దరు మిత్రులు చెరొక భాగం చదివి, ముఖ్యమైన మూడు ఫిర్యాదులు రాయాలి. ఇద్దరి జాబితాలూ కలిస్తే ఆ ఫిర్యాదులను నమ్మవచ్చు. కలవకపోతే ఇంకొన్ని చదవాలి.

3. మరీ చిన్న ముక్క వద్దు: పంట దిగుబడి కొలిచేటప్పుడు పొలంలో చాలా చిన్న భాగాన్ని కోస్తే లెక్క ఎక్కువగా వస్తుందని ఆనాటి ప్రయోగాల్లో తేలింది. హద్దు మీదున్న మొక్కను లోపలిదిగా లెక్కించే మొగ్గు ఉంటుంది; ముక్క ఎంత చిన్నదైతే హద్దు ప్రభావం అంత పెద్దది. ఒక్క పూట వాడి ఇచ్చే తీర్పూ అలాగే కొత్త మోజుతో పెరుగుతుంది. కనీసం రెండు వారాలు వాడి చూడండి.

మరి ఆ విద్యార్థిని ఏం చేయాలి? వందమంది చెప్పిన రెండో యాప్‌తో పరీక్ష మొదలుపెట్టడం సబబు. ఆ పదిమంది ఫిర్యాదులు చదవాలి, ఒక సబ్జెక్టుతో రెండు వారాలు వాడాలి, ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. అన్నీ సరిగా ఉంటే మిగతా నోట్స్ ఎక్కించవచ్చు. ఎక్కించాక కూడా వారానికోసారి ఒక నకలు వేరేచోట దాచుకోవాలి.