తాగని మనిషికి లివర్ క్యాన్సర్ ఎందుకు వస్తుంది?

"ఆయన జన్మలో మందు ముట్టలేదు సిస్టర్, మరి లివర్ ఎలా పాడైంది?" రోగుల బంధువులు వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మద్యం లివర్‌ను పాడుచేస్తుందన్నది నిజమే. కానీ లివర్ క్యాన్సర్ వచ్చిన ప్రతివారూ తాగినవారు కారు. ఈ సంగతి శాస్త్రవేత్తలు ఎలా కనిపెట్టారో, దానివల్ల మీ ఇంట్లో మిగిలినవారిని ఎలా కాపాడుకోవచ్చో తెలుసుకుందాం.

కణానికి కాపలాదారు

మన శరీరంలోని ప్రతి కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో జన్యువులు చెబుతాయి. వాటిలో పి53 అనే జన్యువు కాపలాదారు వంటిది. కణం దెబ్బతింటే దాని పెరుగుదలను ఆపుతుంది. బాగుచేయడం కుదరకపోతే ఆ కణం చనిపోయేలా చేస్తుంది. కాపలాదారే పడిపోతే చెడిన కణం అడ్డు లేకుండా పెరిగి గడ్డ అవుతుంది.

1991లో అమెరికాలోని బోస్టన్‌లో మెహ్మెట్ ఓజ్‌టుర్క్, ఆయన సహచరులు ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు రోగుల లివర్ గడ్డలను పరీక్షించారు. అదే సమయంలో కర్టిస్ హారిస్ బృందం చైనాలోని చిదోంగ్ ప్రాంతపు గడ్డలను పరీక్షించింది. చైనా గడ్డలు 16 చూస్తే, 8 గడ్డల్లో పి53 జన్యువు ఒకే చోట, 249వ స్థానంలో చెడిపోయి ఉంది. ఆఫ్రికా గడ్డల్లోనూ అదే చోట మార్పు కనబడింది. దొంగ వదిలి వెళ్ళిన వేలిముద్ర లాంటిది ఇది.

ఎవరా దొంగ?

ఆ రెండు ప్రాంతాల్లోనూ ప్రజల ఆహారంలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా ఉండేది. ఈ విషం జన్యువుల్లో అలాంటి మార్పునే తెస్తుందని ప్రయోగశాలల్లో ముందే తెలిసింది. తడి తగిలిన వేరుశనగ, మొక్కజొన్నల మీద పెరిగే బూజు దీన్ని తయారుచేస్తుంది. మామూలుగా వండినా, వేయించినా ఇది పూర్తిగా పోదు.

రెండో దొంగ హెపటైటిస్-బి వైరస్. ఇది ఏళ్ళ తరబడి లివర్‌లో దాగి, తన జన్యుపదార్థాన్ని మన కణాల జన్యువుల్లో కలిపేస్తుంది. షాంఘైలో 18 వేలమందికి పైగా పురుషులను గమనించి 1994లో ప్రచురించిన లెక్క చూడండి. బూజు విషం ఒక్కటే ఉన్నవారికి లివర్ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, బి వైరస్ ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు. రెండూ ఉన్నవారికి ఏకంగా 59 రెట్లు!

సి వైరస్, కొవ్వు పట్టిన లివర్, షుగరు వ్యాధి కూడా ఈ జబ్బుకు దారితీయవచ్చు.

ఇది ఆపగలిగిన జబ్బే

తైవాన్‌లో 1984లో శిశువులకు బి టీకా మొదలుపెట్టారు. పిల్లల్లో లివర్ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గిందని 1997లో తేలింది. అదే 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. 2011 నుండి దేశమంతటా ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది ఉచితం.

మీరు చేయవలసినవి

1. మీ రోగికి బి వైరస్ ఉందేమో డాక్టరుగారిని అడగండి. ఉంటే తల్లి, తోబుట్టువులు, భార్య లేక భర్త, పిల్లలు అందరూ హెచ్‌బిఎస్ఏజి రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరస్ సోకనివారు డాక్టరు సలహాతో టీకా వేయించుకోవాలి. మామూలుగా ఆరు నెలల్లో మూడు డోసులు వేస్తారు.

2. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు వేయించండి. తల్లికి వైరస్ ఉంటే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పండి. బిడ్డకు మరో ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది.

3. కలిసి భోంచేసినా, ముట్టుకున్నా, సేవ చేసినా ఈ వైరస్ అంటదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. రోగికి కంచం, గ్లాసు వేరుచేసి బాధపెట్టవద్దు. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వారికే ఉండాలి.

4. వైరస్ ఉన్నవారు బాగున్నామని ఊరుకోకూడదు. వైరస్‌ను అణచే మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం రక్తపరీక్ష, స్కానింగ్ చేయించుకోవాలి. మద్యం పూర్తిగా మానాలి.

5. వేరుశనగ కాయలు బాగా ఎండబెట్టి, తడి తగలని చోట దాచండి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి పారేయండి. పాడి పశువులకూ పెట్టవద్దు, ఆ విషం పాలలోకి వస్తుంది.

6. కామెర్లు కనబడితే పసరు మందులతో, వాతలతో రోజులు పోగొట్టవద్దు. వెంటనే రక్తపరీక్ష చేయించండి.

జబ్బుపడినవారిని "ఏం తాగావో, ఏం చేశావో" అని నిందించకండి. అసలు కారణం డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. మీ రోగిని చూడటానికి ఈసారి వచ్చేటప్పుడు, పరీక్ష చేయించుకోవలసినవారిని కూడా వెంట తీసుకురండి.