గర్భవతినన్నాక కాంట్రాక్టు ఆపేశారు

ప్రశ్న: అనంతపురంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆరేళ్లు కాంట్రాక్టు అధ్యాపకురాలిని. గర్భవతినని చెప్పాక ఈసారి పొడిగించలేదు. వేరుశనగ పంట పోయిన మా ఇంటికి ఆ జీతమే ఆధారం. కోర్టుకెళ్లవచ్చా?
– ఒక సోదరి, శింగనమల

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు. ఢిల్లీలో కాంట్రాక్టు వైద్యురాలు కవితా యాదవ్ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. కాంట్రాక్టు 11న ముగుస్తుందంటూ ఆసుపత్రి 11 రోజులే ఇచ్చింది. గడువు దాటినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా చెల్లించాల్సిందేనని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే మీకూ 26 వారాల వేతనం అడిగే హక్కుంది. ఇద్దరు పిల్లలున్నవారికి 12 వారాలే.

ఉద్యోగం తిరిగి రావడం మాత్రం వేరే పోరాటం. ఆ తీర్పు ఉద్యోగం ఇప్పించలేదు.

గడువు ముగిసిందని యాజమాన్యం అంటుంది, గర్భమే కారణమని మీరు చూపాలి. మీతోపాటు చేరినవారికి పొడిగించారా? మీ క్లాసులు ఇప్పుడెవరు చెబుతున్నారు? పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. నియామక పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్, వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. రిజిస్ట్రారుకు అర్జీ ఇచ్చి, మీ నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే హైకోర్టులో రిట్ వేయాలి, జాప్యం చేస్తే కేసు బలహీనపడుతుంది. రిజిస్ట్రారు కదలకపోయినా, బకాయిలేమీ లేవని సంతకం పెట్టమన్నా వెంటనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ న్యాయసహాయం ఉచితం.