పాత సవరను: గీటు బాగున్నంత మాత్రాన సరిపోదు

పెద్దల నాటి పెట్టెలో దొరికిన సవరను కాసు కొట్టుకు వచ్చినప్పుడు వర్తకుడు ముందుగా చేసేది దానిని గీటురాయిపై గీయడం. గీటు బాగుంటే కాసు మంచిదని తేల్చి, బంగారం విలువపైన కొంత అదనం కూడా కట్టి తీసుకుంటాడు. నష్టం వచ్చేది ఇక్కడే. గీటురాయి బంగారం సంగతి చెబుతుంది గాని, నాణెం టంకశాలలో తయారైనదో కాదో చెప్పదు.

నకిలీ సవరను అంటే పూత పూసిన ఇత్తడి బిళ్ళ అనుకోవడం సగమే నిజం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇటలీలోను, లెబనాన్‌లోను తయారైన దొంగ సవరనులలో చాలా వాటిలో బంగారం దాదాపు సరిగానే ఉండేది. ఆనాడు సవరను ధర అందులోని బంగారం విలువను మించి ఉండేది కనుక, మంచి బంగారంతో చేసినా నకిలీదారుకు లాభమే. బ్రిటిష్ టంకశాల 1957లో సవరనుల తయారీని తిరిగి చేపట్టడానికి ఈ బెడద ఒక కారణం. ఇటువంటి కాసును కొన్నవారు కరిగిస్తే బంగారానికి లోటు రాదు. అదనంగా కట్టిన సొమ్ము మాత్రం పోతుంది.

మొదట త్రాసు. సవరను 22 కారట్లది, బరువు 7.988 గ్రాములు, అందులో మేలిమి 7.322 గ్రాములు. అడ్డుకొలత 22.05 మిల్లీమీటర్లు, మందం సుమారు ఒకటిన్నర. చేతులు మారి అరిగిన కాసు కొంత తక్కువ తూగుతుంది. బ్రిటిష్ చట్టం 7.938 గ్రాముల వరకు చెల్లుబాటుకు అంగీకరించింది. బరువు, కొలత రెండూ ఒకేసారి కుదరాలి. అదే పరిమాణం గల ఇత్తడి బిళ్ళ 4 గ్రాములైనా తూగదు. వెండిది 5 గ్రాములు దాటదు. మిల్లీగ్రాము చూపే త్రాసు ఉంటే దారంతో కట్టి నీటిలో తూయవచ్చు. బరువు సుమారు 0.45 గ్రాము తగ్గాలి. కాసుపై గీత పడని పరీక్ష ఇది. హాల్‌మార్కింగ్ కేంద్రాలలోని ఎక్స్‌రే యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది కనుక దళసరి పూత దానిని కూడా మోసగించగలదు.

బంగారం సరే అనుకున్నాక భూతద్దం తీయాలి. అయిదవ జార్జి సవరనులు 1911 నుంచి 1932 వరకు వచ్చాయి; ఆయన ముఖం ఎడమవైపు, ఏడవ ఎడ్వర్డు ముఖం కుడివైపు ఉంటాయి. ఒక రాజు బొమ్మ, మరొక రాజు కాలపు సంవత్సరం ఉన్న కాసులు బజారులో లేకపోలేదు. బొంబాయిలో సవరనులు ముద్రించినది 1918 నాటివే, సుమారు 13 లక్షలు. వాటికి సంవత్సరం పైనున్న నేలగీతపై ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అయిదవ జార్జి కాసుపై వేరే సంవత్సరంతో ఆ అక్షరం కనిపిస్తే బేరం అక్కడితో ఆపవచ్చు. లండన్‌లో 1917లో ముద్రించినవి అరుదు, వాటికి అక్షరం ఉండదు. అందుచేత ఇతర టంకశాలల 1917 కాసులపై అక్షరం గీకివేసి లండన్‌వని అమ్మిన మోసాలున్నాయి. బంగారం అసలుదే, టంకశాలా అసలుదే, అబద్ధం ఆ ఒక్కచోట!

పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుబారి, నేలభాగంలో సన్నని గుంటలు కనిపిస్తాయి. అంచు పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నా అనుమానించాలి. అదే రాజు కాలపు నమ్మకమైన కాసును పక్కన పెట్టుకుని చూడడం అన్నిటికంటె మేలు.

మన ప్రాంతంలో చాలా కాసులు గొలుసులకు ఎక్కినవే. కొండి అతికిన టంకంతో బరువు పెరుగుతుంది. కొండి తీస్తే అంచుపై మచ్చ మిగులుతుంది. అటువంటిది అసలుదైనా బంగారం ధరకే కొనాలి. అమ్మేవారు నొచ్చుకోవడం సహజం. ఆ మచ్చను వారికే భూతద్దంలో చూపడం మంచిది.

నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కనుక విదేశాలకు పంపరాదు. వారసత్వపు కాసుకు బిల్లు ఉండదు. కొన్న చీటీలో ‘పాత బంగారం’ అని సరిపెట్టక రాజు, సంవత్సరం, టంకశాల గుర్తు, తూకం రాసి అమ్మినవారి సంతకం తీసుకోవాలి.