భగినీహస్త భోజనము

కార్తిక శుద్ధ ద్వితీయకు యమద్వితీయ యని పేరు. ఆనాడు సోదరి యింటికేగి ఆమె చేతివంట భుజించుటను మన పెద్దలు భగినీహస్త భోజనమనిరి. దీపావళి అమావాస్య వెడలిన రెండవ తిథి యగుటచే, పండుగ సెలవులకు స్వగ్రామము చేరినవారు మరి ఒకటి రెండు దినములు నిలిచినచో ఈ పర్వము వారికి అందును. 2024వ సంవత్సరమున దీపావళి గురువారమునను, యమద్వితీయ నవంబరు 3వ తేదీ ఆదివారమునను వచ్చినవి. అట్టి కూడిక ప్రతి యేట దొరకదు. దొరికిన యేడును ఆ నాలుగు దినములను విహారములకు వెచ్చించి, ఇరువది క్రోసుల దూరమున నున్న తోబుట్టువును తలపనివారు మనలో నెందరో కలరు.

కథ చిన్నది. సూర్యభగవానునకు సంజ్ఞాదేవియందు జనించిన బిడ్డలు యముడును యమునయు. తన యింటికి భోజనమునకు రమ్మని యమున అన్నను పలుమారులు వేడుకొనెను. యముడు రాలేదు. ఆయనకు పనిలేని దినమేది? జీవుల మరణమునకు సెలవు లేదు గనుక ఆయన కొలువునకును సెలవు లేదు. ఎట్టకేలకు ఒక కార్తిక శుద్ధ విదియనాడు ఆమె వాకిట నిలిచెను. యమున పరమానందమున ఆయనను పూజించి, స్వయముగ వండి వడ్డించెను. యముడు సంతుష్టుడై వరము కోరుకొమ్మనగా, ఏటేట ఈ దినమున తన యింటికి రావలెననియు, ఈనాడు సోదరి చేతి భోజనము చేసినవారికి యమభయము కలుగరాదనియు ఆమె కోరెను. ఆనాడు నరకమున నున్నవారును తృప్తి నొందిరని చెప్పుదురు. దండించువాడు ఒకపూట చెల్లెలి యింట కూర్చుండగా దండన పొందువారికి ఊరట కలిగెనన్నమాట!

ఇందు గమనింపదగినది రాకపోకల దిశ. మన తెలుగునాట సంక్రాంతికో దసరాకో ఆడపడుచు పుట్టింటికి వచ్చుట వాడుక. పుట్టింటివారు ఆమె యింటికేగి భుజించుటకు వెనుదీయుదురు. కుమార్తెకు సంతానము కలుగువరకు అల్లునింట భోజనము చేయరాదను నియమమును పాటించిన కుటుంబములు ఉండెడివి. యమద్వితీయ ఈ నడకను త్రిప్పివేసినది. ఆనాడు తన యింట భుజింపక సోదరి యింటనే భుజింపవలెనని ధర్మశాస్త్ర గ్రంథములు విధించినవి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఎంతగా ఆదరింపబడినను చుట్టమే. తన యింట వడ్డించునపుడు ఆమె గృహిణి. ఆమె కాపురము ఎట్లున్నదో, ఆరోగ్యమెట్లున్నదో, పిల్లల చదువులెట్లు సాగుచున్నవో అన్నదమ్ములు అడుగకయే తెలిసికొందురు. ఉత్తరములో వ్రాయని సంగతులు, ఫోనులో చెప్పని సంగతులు విస్తరి ముందు బయటపడును. పసుపు కుంకుమలకని ఫోను ద్వారా పైకము పంపి ఊరకుండువారికి ఈ తెలివిడి కలుగదు.

పిలువని పేరంటమును గూర్చి భాగవత చతుర్థస్కంధమున ఒక సంవాదము కలదు. దక్షుడు యజ్ఞమునకు కూతును పిలువలేదు. తండ్రి యింటికి, గురువు యింటికి, మిత్రుని యింటికి పిలుపు లేకున్నను పోవచ్చునని సతీదేవి వాదించెను. పరమశివుడు ఆ మాటను కాదనలేదు. ఆ బంధువుల చూపు అహంకారముచే చెడనంతవరకే అది చెల్లునని మాత్రము హెచ్చరించెను. తరువాతి వృత్తాంతము చదువరులు ఎరిగినదే. అచ్చట పిలువని యింటికి కూతురు పోయినది. యమునాదేవి కథలో పిలిచిన యింటికి అన్న పోలేదు. నేటి మన యిండ్లలో ఈ రెండవ లోపమే హెచ్చు.

దీనికి తీరిక లేమి యొక్కటే కారణము కాదు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియు, దేశమంతటను 2005 నుండియు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును జన్మహక్కు ఏర్పడినది. హక్కు నడిగిన తోబుట్టువు గుమ్మము త్రొక్కని సోదరులు కలరు. ఆమెచే సంతకము పెట్టించుకొని మరల తొంగిచూడని సోదరులును కలరు. రెండవవారి దోషమే పెద్దదని నా తలంపు. మొదటివారికి చెప్పుకొనుటకు కోపమైనను ఉన్నది గదా! వ్యాజ్యము న్యాయస్థానమున నడచుచున్నను విదియనాడు వెళ్ళుటకు అది అడ్డు కానక్కరలేదు. ఆస్తి కాగితములు మాత్రము చేతబట్టుకొని పోరాదు.

ఈ పర్వమునే ఉత్తరదేశమున భాయీదూజ్ అనియు, మహారాష్ట్రమున భావూబీజ్ అనియు, నేపాళమున భాయీటీకా అనియు జరుపుకొందురు. మథురలోని విశ్రామఘట్టమున అన్నాచెల్లెండ్రు కలసి యమునలో స్నానమాడుదురు.

ఇక ఆచరణ. విదియ అపరాహ్ణమున ఉన్న దినము దీనికి గ్రాహ్యము. కావున ఉదయము బయలుదేరినను మధ్యాహ్నమునకు చేరవచ్చును. భోజనానంతరము సోదరికి వస్త్రాదులిచ్చి సత్కరింపవలెను. తోడబుట్టినది లేనివారు పినతండ్రి కుమార్తెనో, మేనమామ కుమార్తెనో సోదరిగ భావించి ఆమె యింట భుజింపవచ్చును. పదిమందిని వెంటబెట్టుకొని చెప్పక దిగుట తగదు. ఆమె పండుగ వంటింటిపాలగును. అక్కగారు వృద్ధురాలై వండలేని స్థితిలో నున్నచో కోడలో కూతురో వండగా, ఆమె విస్తరిలో నేయి వడ్డించిన చాలును. అట్టి యింటికి బియ్యము, కూరలు ముందునాడే పంపించుట మంచిది.