మనం వచ్చేశాక ఏం మిగులుతుంది?



గత క్రిస్మస్ సెలవులకు మా విచారణకు చెందిన ఒక అమ్మాయి సింగపూర్ నుండి వచ్చింది. అక్కడ ఆమెది కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం పూజ అయ్యాక నన్ను కలిసి, "ఫాదర్, నాకు నాలుగు వారాల సెలవు ఉంది. కంబోడియాలో ఒక అనాథ శరణాలయంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలని ఉంది. ఫీజు కట్టి చేరాలి. మీరొక సిఫారసు ఉత్తరం ఇవ్వండి" అని అడిగింది. సంతోషంగా సంతకం చేయవలసిన ఉత్తరమే. కాని నా చేయి ఆగింది. "రెండు రోజులు ఆగమ్మా" అన్నాను. ఆ రెండు రోజులు నేను ఆలోచించినదే ఈ వారం పాఠం. మన ఇళ్ళ నుండి ఎందరో బిడ్డలు విదేశాల్లో ఉన్నారు. వారిలో సేవాభావం ఉన్నవారు తక్కువేమీ కాదు. కనుక ఇది మన అందరికీ సంబంధించిన విషయం.

1. అవసరం నిజమైనదేనా?

నిజమైనదే. కంబోడియా 1863 నుండి 1953 వరకు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండేది. అక్కడ చదువుకున్నవారి పరభాష ఫ్రెంచి. 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ దళాలు అధికారానికి వచ్చి 1979 జనవరి వరకు పాలించాయి. ఆ 3 ఏళ్ళ 8 నెలల్లో బడులు మూతపడ్డాయి. సుమారు 15 నుండి 20 లక్షల మంది మరణించారు. ఉపాధ్యాయులను, చదువుకున్నవారిని వెదకి మరీ చంపారు. ఒక దేశం తన గురువులనే పోగొట్టుకుంది. 1991లో పారిస్ శాంతి ఒప్పందం జరిగింది. 1999లో కంబోడియా ఆసియాన్ కూటమిలో చేరింది. ఆ కూటమి వ్యవహార భాష ఇంగ్లీషు. ఆంగ్కోర్ దేవాలయాలను చూడటానికి యాత్రికులు వచ్చే సియెమ్ రీప్ పట్టణంలో హోటలు పనివానికి, ఆటో నడిపేవానికి కూడా ఇంగ్లీషు అన్నం పెడుతుంది.

2. నేర్పేవారికి ఏమి తెలియాలి?

ఖ్మేర్ లిపి మన దక్షిణ దేశపు పల్లవ లిపి నుండి పుట్టినది. వారు ఉపాధ్యాయుణ్ణి "క్రూ" అంటారు, అది మన "గురువు" మాటే. బడిని "సాలా" అంటారు, అది మన "శాల". కాని వ్యాకరణం వేరు. మనం "వెళ్ళాను, వెళ్తాను" అని క్రియను మారుస్తాం. ఖ్మేర్ భాషలో క్రియ రూపం మారదు. నిన్న, రేపు వంటి మాటలతోనే కాలం తెలుస్తుంది. అందుకే అక్కడి పిల్ల "యెస్టర్‌డే ఐ గో" అంటుంది. అది మందబుద్ధి కాదు, తన భాష నియమాన్నే ఆ పిల్ల పాటిస్తోంది. ఈ సంగతి తెలియని వాలంటీరు నాలుగు వారాలు తప్పులు దిద్ది వస్తాడు. తెలిసిన స్థానిక ఉపాధ్యాయుడు తప్పు ఎక్కడ పుడుతోందో చూపిస్తాడు.

అమెరికా ప్రభుత్వం 1961లో స్థాపించిన పీస్ కోర్ సంస్థ మొదటి బృందం 2007లో కంబోడియా చేరింది. ఆ వాలంటీర్లకు ముందుగా ఖ్మేర్ భాషలో శిక్షణ ఇచ్చి, రెండేళ్ళ సేవకు పంపారు. వారు స్థానిక కుటుంబాలతో ఉంటూ, ఒక కంబోడియా ఉపాధ్యాయునితో కలిసి పాఠం చెప్పారు. కారణం స్పష్టం: వాలంటీరు వెళ్ళిపోతాడు, ఉపాధ్యాయుడు మిగులుతాడు.

పునీత అక్వినాసు తోమాసు బోధకుణ్ణి వైద్యునితో పోల్చారు. వైద్యుడు మందు ఇస్తాడు, కోలుకునేది శరీరపు స్వశక్తి. అలాగే బోధకుడు చదువును పాత్రలో నీళ్ళలా పోయలేడు, విద్యార్థి బుద్ధికి చేయూత మాత్రమే ఇస్తాడు. ఒక వ్యక్తి విషయంలో నిజమైనది ఒక ఊరి బడి విషయంలోనూ నిజమే.

3. పిల్లల మనసు మాటేమిటి?

కంబోడియాలో శరణాలయాల సంఖ్య 2005లో 154 ఉండగా 2010 నాటికి 269 అయింది. యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక అనాథలు ఎలా పెరిగారు? ఆ పిల్లల్లో సుమారు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. చదువు, తిండి దొరుకుతాయన్న ఆశతో పేద తల్లిదండ్రులు పిల్లలను అప్పగించారు. యాత్రికుల ఫీజులు, విరాళాలు వస్తున్నాయని కొందరు శరణాలయాలు తెరిచారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఇటువంటి వాలంటీరు యాత్రల వలన కలిగే హానిని అరికట్టాలని దేశాలను కోరింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ క్రితం నేను ఒక బాలుర హాస్టలు చూసేవాణ్ణి. జూన్‌లో బడి తెరవగానే ఇద్దరు విదేశీ విద్యార్థులు వచ్చి ఆరు వారాలు ఇంగ్లీషు, పాటలు నేర్పారు. మంచి యువకులు. వారు వెళ్ళిన రోజు మూడో తరగతి బాలుడొకడు గేటు దగ్గరే కూర్చుని అన్నం ముట్టలేదు. మరుసటి ఏడు మరో ఇద్దరు వచ్చారు. ఆ బాలుడు వారి దగ్గరకు పోలేదు. నా పక్కన నిలబడి, "ఫాదర్, వీళ్ళెప్పుడు వెళ్ళిపోతారు?" అని అడిగాడు. వారిని రమ్మన్నది నేనే. ఫొటోలు తీసి దాతలకు పంపింది నేనే.

4. మరి సేవ మానుకోవాలా?

1968లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, అక్కడి పల్లెల్లో వేసవి సేవకు వచ్చే అమెరికా విద్యార్థుల సభలో ఇవాన్ ఇల్లిచ్ అనే గురువు కఠినంగా మాట్లాడారు. భాష తెలియని చోట చేసేది మేలో కీడో కూడా తెలియదు కనుక, సేవకులుగా కాక నేర్చుకునేవారిగా రమ్మన్నారు. నేను అంత దూరం పోను. కాని మంచి ఉద్దేశం ఒక్కటే చాలదన్నది ఒప్పుకుంటాను.

మూడో రోజు ఆ అమ్మాయికి ఉత్తరం ఇవ్వలేదు, ఒక ప్రశ్న ఇచ్చాను. "అమ్మా, నువ్వు సంవత్సరమంతా ఉండే ఊరు ఏది? అక్కడ ఇంగ్లీషు రానివారు లేరా?" ఆమె కొంచెం నొచ్చుకుంది. తరువాత ఫోను చేసింది. సింగపూర్‌లోనే భవన నిర్మాణ కూలీలకు, ఇళ్ళలో పనిచేసే మయన్మార్ స్త్రీలకు ఆదివారాలు ఇంగ్లీషు చెప్పే తరగతిలో చేరిందట. జీతం చీటీ చదవటం, ప్రమాద హెచ్చరిక బోర్డు చదవటం, డాక్టరుకు నొప్పి చెప్పుకోవటం అక్కడి పాఠాలు. "నాలుగు వారాలు కాదు ఫాదర్, ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళు" అంది.

ఆలోచనకు:

1. నేను చేరే సంస్థలో స్థానిక ఉపాధ్యాయుడు ఉన్నాడా? నేను అతనికి తోడుగా వెళ్తున్నానా, అతని స్థానంలోకా?

2. నేను కట్టే ఫీజు ఎవరికి చేరుతుంది? ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారు?

3. ఆ దేశపు చట్టం, వీసా నేను చేసే పనికి అనుమతి ఇస్తున్నాయా?

4. నేను తిరిగి వచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది?

మీ బిడ్డ విదేశం నుండి సేవ మాట ఎత్తినప్పుడు సంతోషించండి. ఆ తరువాత ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.