ఆముదానికి ‘పిడుదు’ పేరు ఎందుకు వచ్చినది?
మూలికల శాస్త్రీయ నామాలలో గ్రీకు, లాటిన్ మూలాలు

శ్రీకాకుళం వెళ్లదలచి రైలెక్కిన ప్రయాణికుడు దిగవలసినది ఆమదాలవలసలో. కాని ఆ స్టేషను బోర్డుపై ఉండే పేరు ‘శ్రీకాకుళం రోడ్’. తెలిసినవారికి ఇందులో ఇబ్బంది లేదు. కొత్తవారికి మాత్రం తికమక తప్పదు. మూలికల పేర్ల విషయమూ ఇటువంటిదే. ఒకే మొక్కకు పది పేర్లుంటాయి. ఒకే పేరు రెండు మూడు మొక్కలకు చెల్లుతుంది. స్టేషను పేరు తెలియకపోతే పోయేది కొంత సమయమే. మూలిక పేరు పొరబడితే ప్రాణానికే ముప్పు రావచ్చును.

ఈ చిక్కును తొలగించుటకే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రకటించిన ‘స్పీషీస్ ప్లాంటారం’ అనే గ్రంథంలో మొక్కలన్నిటికీ రెండు పదాల పేర్లను వరుసగా వాడినాడు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వచ్చినట్లే, ఇందులో ప్రజాతి పేరు ముందు, జాతి పేరు తరువాత వస్తాయి. మనకు సంస్కృతం ఎట్లాగో, ఆనాటి ఐరోపా పండితులకు లాటిన్ అట్లాగే శాస్త్రభాష. అందుచేత లాటిన్, గ్రీకు పదాలే ఈ పేర్లకు ఆధారమైనవి.

ఆముదం కథ

ఆమదాలవలస పేరులోనే ఆముదం వినిపిస్తున్నది. ఆముదాలవలస అని వ్రాయుటయూ కలదు. ఆముదపు మొక్క శాస్త్రీయ నామం ‘రిసినస్ కమ్యూనిస్’. లాటిన్ భాషలో ‘రిసినస్’ అనగా పశువులను పట్టి రక్తం త్రాగే పిడుదు, అనగా గోమారి. నున్నగా, చారలతో, ఒక కొనయందు చిన్న బుడిపెతో ఉండే ఆముదపు గింజను చేతిలోకి తీసుకొని చూచినచో ఈ పోలిక వెంటనే స్ఫురిస్తుంది. ‘కమ్యూనిస్’ అనగా సామాన్యమైనది, అంతటా దొరికేది.

మన నిఘంటుకారులు గింజకు బదులు ఆకును చూచినారు. చేతివేళ్లవలె చీలిన ఆకును బట్టి అమరకోశంలో ఏరండానికి ‘పంచాంగుల’మనీ, ‘గంధర్వహస్తక’మనీ పర్యాయపదాలు చెప్పబడినవి.

పేరు ఒకటి, మొక్కలు మూడు

గ్రీకు భాషలో పిడుదును ‘క్రోటన్’ అంటారు. గ్రీకులు ఆముదపు మొక్కనే ఆ పేరుతో పిలిచినారు. తరువాత శాస్త్రజ్ఞులు ఆ పదాన్ని వేరొక ప్రజాతికి పెట్టినారు. ఆ ప్రజాతిలోనిదే ‘క్రోటన్ టిగ్లియం’, ఆయుర్వేదంలోని జయపాలం, తెలుగులో నేపాళం. ఇది అతి తీవ్రమైన విరేచనకారి. వైద్యులు శోధన చేసి, అతి స్వల్ప మాత్రలో ఇతర ద్రవ్యాలతో కలిపి మాత్రమే వాడుతారు.

పొలాల గట్లపై కంచెగా పెరిగే అడవి ఆముదాన్ని కూడా మనవారు నేపాళమనే పిలుస్తారు. దాని శాస్త్రీయ నామం ‘జట్రోఫా కర్కాస్’. గ్రీకులో ‘ఇయాట్రోస్’ అనగా వైద్యుడు, ‘ట్రోఫే’ అనగా ఆహారం. పేరు ఇంత చల్లగా ఉన్నను గింజలు విషపూరితములు. పప్పు రుచిగా ఉండుటచే పిల్లలు తిని వాంతులు, విరేచనాల పాలగుదురు. పేరు మొక్కను గుర్తించుటకే గాని, గుణానికి పూచీ కాదని దీనివలన తెలియవలెను.

ఇక మన ఇళ్లలో కుండీలలో రంగురంగుల ఆకులతో పెంచుకొనే ‘క్రోటన్స్’ ఈ రెండింటికీ చెందవు. అవి ‘కోడియం’ అనే వేరొక ప్రజాతి మొక్కలు.

ఆముదపు గింజలోనూ రిసిన్ అనే తీవ్ర విషం ఉన్నది. అది నూనెలోనికి రాక, నూనె తీయగా మిగిలిన పిండిలో నిలిచిపోతుంది. అందుచేతనే ఆ పిండిని పొలానికి ఎరువుగా వేస్తారు.

గుర్తుంచుకోదగిన మాటలు

ఆఫిసినాలిస్ – మందులు నిలువచేసే చోటికి చెందినది. ఈ మాట ఉన్న మొక్కకు పాత ఐరోపా వైద్యంలో స్థానముండెనని అర్థం. అల్లం ‘జింజిబర్ ఆఫిసినాలె’.
సటైవమ్ – సాగుచేయబడునది. వెల్లుల్లి ‘ఏలియం సటైవమ్’.
నైగ్రం – నల్లనిది. లాంగం – పొడవైనది. మిరియం ‘పైపర్ నైగ్రం’, పిప్పలి ‘పైపర్ లాంగం’.
ఫిల్లాంథస్ – ఆకు, పువ్వు అనే రెండు గ్రీకు పదాల కలయిక. ఉసిరి ‘ఫిల్లాంథస్ ఎంబ్లికా’.
ఫెబ్రిఫ్యూగా – జ్వరాన్ని పారద్రోలునది.

వెళ్లివచ్చిన మన మాటలు

గ్రీకు, లాటిన్ పదాలన్నీ అక్కడే పుట్టినవి కావు. ‘పైపర్’కు మూలమైన గ్రీకు ‘పెపెరి’ మన ‘పిప్పలి’ నుండి వెళ్లినదే. ‘జింజిబర్’ వెనుక శృంగబేరం ఉన్నది. అడ్డసరపు పేరులోని ‘అధతోడ’ మేక ముట్టనిదనే తమిళ, మలయాళ పదం. సోమిద చెట్టు శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా’. మొదటి పదం తెలుగు, రెండవది లాటిన్. ఈ చెట్టును వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో మొక్కలను పరిశీలించినవాడు.

కొనేటప్పుడు

స్త్రీల వ్యాధులలో వాడే అశోకం ‘సరాకా అశోక’. వీధుల వెంట నిటారుగా పెంచే నరమామిడిని కూడా అశోకమనే అంటారు. దాని బెరడు అసలు అశోకానికి మారుగా అంగడిలోనికి వస్తుంటుంది. నరమామిడి పాత పేరు ‘పాలియాల్థియా లాంగిఫోలియా’. 2012లో ‘మోనూన్ లాంగిఫోలియం’ అని మార్చబడినది. ఇట్లు పేర్లు మారుతుంటాయి గనుక పాత గ్రంథాలు చూచేవారు రెండు పేర్లనూ గుర్తుంచుకొనవలెను.

కావున మూలికలు, చూర్ణాలు కొనేటప్పుడు పొట్లంపై తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామం రెండు పదాలూ ఉన్నవో లేవో చూడవలెను. మొదటి పదం మాత్రమే కలిసినచో చాలదు. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల గుణాలు ఒకటి కావు గదా! దొడ్డిలో తెలియని మొక్క ఉన్నచో కొమ్మ, పువ్వు, కాయలతో సహా తీసుకొనిపోయి వైద్యునికో, వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకునికో చూపించి, అవి నిర్ధారించిన తరువాతనే వాడవలెను. ఎవరైనను తెలియని గింజలు తిన్నచో చిట్కాలతో కాలయాపన చేయక, మిగిలిన గింజలను వెంట తీసుకొని తక్షణమే ఆసుపత్రికి వెళ్లవలెను. ఆ గింజను బట్టి మొక్క పేరు సరిగా తెలిసినచో చికిత్స సులభమగును.